పూటకూళ్ళ ఇల్లు

బోస్టన్ వచ్చే తల్లిదండ్రులకి చూపించే వరస మా అందరి ఇళ్ళలోనూ ఒకటే: హార్వర్డ్, ఎం.ఐ.టి., యాష్‌లాండ్ లక్ష్మీదేవి గుడి, వీలైతే ఓ నయాగరా. 2018 అక్టోబరులో నాన్నగారు వచ్చినప్పుడు ఆ వరసలో ఏదీ ఆయన్ని కదిలించలేదు. అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. తెనాలి దగ్గర మా ఊళ్ళో పెంకుటింటికి తాళం వేసి వచ్చారు. అది అమ్మేసి మాతో ఉండిపొమ్మని నేను, అమ్మేసి బెంగుళూరు వచ్చెయ్యమని తమ్ముడు. ఆయన ఔననరు, కాదనరు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి. లాంగ్‌ఫెలో రాసిన 'ఎ సామ్ ఆఫ్ లైఫ్' ఎన్ని క్లాసులకి చెప్పారో లెక్కలేదు. అందుకని మావారే ఉపాయం చెప్పారు, సడ్‌బరీలో లాంగ్‌ఫెలో పేరు మీదున్న వేసైడ్ ఇన్‌లో ఒక రాత్రి ఉండి రండి, తండ్రీ కూతుళ్ళిద్దరూ అని. అరగంట దూరంలో సొంతిల్లు పెట్టుకుని డబ్బిచ్చి ఇంకో చోట పడుకోవడమేమిటని నాన్నగారు గొణిగారు. (నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.)

పాత బోస్టన్ పోస్టు రోడ్డు మీద ఉంది ఆ ఇల్లు. 1673లో న్యూయార్కు నుంచి బోస్టనుకి గుర్రం మీద టపా మోయడం మొదలైన తరవాత స్థిరపడ్డ దారుల్లో అదొకటి. 1923లో ఈ సత్రాన్ని కొన్న హెన్రీ ఫోర్డు, పెద్ద రోడ్డుని దీని ముందునుంచి తప్పించి పక్కకి మళ్ళించాడట. లోకానికంతటికీ కార్లమ్మినవాడు తన గుమ్మం ముందు మాత్రం కార్లు వద్దనుకున్నాడు! ఆయన ధర్మమా అని, ఇరవయ్యో నంబరు రోడ్డు దిగి పాత దారిలోకి తిరగ్గానే మేపుల్ చెట్ల ఎర్రటి ఆకులు, రాతి గోడలు తప్ప ఇంకేమీ లేవు.

"పూటకూళ్ళ ఇల్లన్నమాట," అన్నారు నాన్నగారు కారు దిగుతూ.

అచ్చంగా అదే. 1716లో డేవిడ్ హౌ అనే ఆయన తన ఇంట్లోనే బాటసారులకి తిండీ పడకా అమ్మడం మొదలుపెట్టాడు. నాలుగు తరాలు అదే వ్యాపారం. 1861లో ఆఖరి వారసుడు లైమన్ హౌ పెళ్ళీ పిల్లలూ లేకుండా పోయాడు. చుట్టాలు సత్రం మూసేశారు. ఆ మరుసటి ఏడు లాంగ్‌ఫెలో ఇక్కడికి వచ్చాడు. 1863లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ సత్రంలో చేరినవాళ్ళు పొయ్యి చుట్టూ కూచుని కథలు చెప్పుకుంటారు. పుస్తకం పేరే తరవాత ఇంటి పేరయింది.

కవి వచ్చేనాటికి ఆయన భార్య పోయి ఏడాది దాటింది. 1861 జూలైలో ఇంట్లోనే బట్టలకి నిప్పంటుకుంది. ఆర్పబోయి ఆయనా కాలాడు. మొహమ్మీద మచ్చలవల్ల గడ్డం గీసుకోవడం మానేశాడు. ఇదంతా రాత్రి భోజనాల దగ్గర నేను చెబుతుంటే నాన్నగారు చెంచా కింద పెట్టేశారు.

"ఆ గడ్డం బొమ్మ చూపించి, కవంటే ఇలా ఉండాల్రా అనేవాణ్ణి క్లాసులో," అన్నారు కాసేపటికి. ఇంకేమీ తినలేదు.

పైన గదులు పదే. మా గదిలో టీవీ లేదు. నడిస్తే చెక్కనేల మూలుగుతుంది. 1955లో మంటలొచ్చి ఇల్లు చాలా భాగం కాలిపోతే మళ్ళీ కట్టారని తెలిసి, నాన్నగారు దూలాన్ని వేళ్ళతో తట్టి చూశారు. "ఇందులో పాతదెంతో, కొత్తదెంతో. పొయ్యి వెలుగుతోందిగా," అన్నారు.

ఈ సత్రంలో ఒక వింత అలవాటుంది. బస చేసినవాళ్ళు ఉత్తరాలు రాసి సొరుగుల్లో, సందుల్లో దాచి పోతారు. బల్ల సొరుగు లాగితే మడతలు మడతలుగా కాగితాలు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివారు. కొత్త పెళ్ళికూతురు రాసినది, నలభయ్యో పెళ్ళిరోజుకి వచ్చిన దంపతులు రాసినది. ఒకావిడ, కిందటిసారి ఇద్దరం వచ్చాం, ఈసారి నేనొక్కదాన్నే, అని రాసింది. అది రెండుసార్లు చదివారు.

"తెలుగులో రాయొచ్చా అమ్మాయ్?"

"ఎవరు చదువుతారు నాన్నా ఇక్కడ?"

"చదవాలనా రాసేది?"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. కలం చప్పుడు చాలాసేపు వినపడింది. సొరుగు మూసిన చప్పుడూ వినపడింది. తెల్లారి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను సొరుగు తియ్యలేదు.

పొద్దున్న పిండిమర చూశాం. ఫోర్డు ముచ్చటపడి 1929లో కట్టించినది, నీటి చక్రంతో రాళ్ళు తిరుగుతాయి. "మీ నాయనమ్మ తిరగలికి ఏరు కట్టారు," అని నవ్వారు. ఆ ప్రయాణంలో నవ్వు అదే మొదలు. అక్కడి మొక్కజొన్నపిండి కొనుక్కొచ్చి నేను చేసిన రొట్టెలు పెనమ్మీదే ముక్కలయ్యాయి, ఆ సంగతి వదిలెయ్యండి.

కార్లో కూచున్నాక అడిగారు: "తాళం వేసిన ఇంట్లో చెద మొదట ఎక్కడ పడుతుందో తెలుసా? పుస్తకాల బీరువాలో." ఇల్లు అమ్మే సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

జనవరిలో వెళ్ళిపోయారు. వెళ్ళిన నెలకి, ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన టీచర్ల జంటకి ముందు వాటా అద్దెకిచ్చారు. వంటిల్లు ఇద్దరికీ ఒకటేనట. ఒకరోజు ఫోన్లో ఒకటే ఫిర్యాదు.

"మీ అమ్మ కట్టించుకున్న గట్టుమీద గ్రైండరు పెట్టేశారమ్మాయ్, అడగనైనా అడగలేదు. గోడకి మేకు కూడా కొట్టారు."

"ఖాళీ చెయ్యమని చెప్పమంటారా నాన్నా?"

"ఎందుకూ? పొద్దున్న ఇడ్లీలు పంపారు. పిండి బాగా పులిసింది."