అక్క భయం

కనుమ మర్నాడు పొద్దున్నే మా అక్క ఫోను చేసింది. "ఒకసారి రాయే. నీ కొడుక్కి నువ్వే చెప్పాలి, నా మాట వినట్లేదు" అంది. నీ కొడుకు అంటే దాని కొడుకే. మంచి పని చేస్తే "నా కొడుకు", పేచీ పెడితే "నీ కొడుకు". ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

కూర్మన్నపాలెంలో ఆటో ఎక్కి, గాజువాకలో మారి, పెదగంట్యాడ చేరేసరికి పది దాటింది. వీధిగదిలో మావాడు చాప మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటున్నాడు. పక్కనే రీజనింగ్ పుస్తకం, జనరల్ నాలెడ్జి పుస్తకం. పదో తరగతిలో కూడా వాణ్ణి ఇలా చూడలేదు.

"పిన్నీ, కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నాను. ఏడేళ్ళయిపోతున్నాయి కదా, ఆర్మీ నుంచి వచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాడు లేచి కూర్చుని.

వంటింట్లోంచి గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. అది మా అక్క సమాధానం.

మావాడు ఉన్నది టెరిటోరియల్ ఆర్మీలో. తెలుగులో ప్రాదేశిక సైన్యం అంటారు. చాలామందికి ఇది ధోనీ వల్ల తెలుసు. ఆయన అందులో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్. 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా మొదలైన సైన్యం ఇది. మామూలు ఉద్యోగం, వ్యాపారం చేసుకునేవాళ్ళే ఏడాదికి రెండు నెలలు వెళ్ళి ట్రైనింగ్ తీసుకుంటారు. అవసరం పడితే పిలుస్తారు. ఆ పిలుపు ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. పిలిచినన్నాళ్ళూ సైనికుడి జీతం. పంపేశాక జీతం ఉండదు, మళ్ళీ మన పని మనం చూసుకోవాలి. మావాడు 2019లో చేరాడు. పిలిచినప్పుడు దూరపు డ్యూటీ, మిగతా రోజుల్లో ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ.

పోయినేడు మే నెలలో ఈ ఇంట్లో గడిచిన నాలుగు రోజులు నేను మర్చిపోలేను. 7వ తారీకున విశాఖలో కూడా మాక్ డ్రిల్ పెట్టారు. ఆ సైరన్ల మాట విని మా అత్తగారు 1971 నాటి సంగతులు మొదలుపెట్టారు. అప్పుడు కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకున్నారట. ఘాజీ మునిగింది మన తీరంలోనే కదా. 9వ తారీకున టీవీలో, అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీని పిలిచే అధికారం సైన్యాధిపతికి ఇచ్చారని, 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లకి అది వర్తిస్తుందని చెప్పారు. అందులో తన బెటాలియన్ ఉందో లేదో తెలియకుండానే మావాడు సంచి సర్దేశాడు. మా అక్క ఏమీ అనలేదు. జంతికలు చేసి డబ్బాకెత్తింది. 10వ తారీకు సాయంత్రం కాల్పులు ఆగిపోయాయని చెప్పేదాకా ఆ సంచి గుమ్మం పక్కనే ఉంది.

అంత ధైర్యంగా ఉన్న మనిషి, పక్కూళ్ళో పోలీసు ఉద్యోగం చేస్తానంటే ఎందుకు వద్దంటోందో నాకు అర్థం కాలేదు.

బావగారు మాత్రం "ఏదో ఒకటి, పర్మినెంటు అయితే చాలు" అన్నారు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు మీద పనిచేసి వయసంతా గడిపారు. మా చిన్నప్పుడు గాజువాక చుట్టుపక్కల ఏ ఇంట్లో మగపిల్లాడు పుట్టినా "ప్లాంట్‌లో ఉద్యోగం" అనే దీవించేవారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంట్‌లో వాటాలన్నీ అమ్మేయడానికి ఒప్పుకున్న దగ్గర్నుంచీ ఆ దీవెన ఎవరి నోటా వినపడటం లేదు. ఆయన బాధ ఆయనది.

సరే, ఉద్యోగం సంగతి వివరంగా అడిగాను. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పిల్లలుంటారు కాబట్టి రాస్తున్నాను. మాజీ సైనికుల కోటా ఉంటుందిగా అన్నాను. వాడు నవ్వాడు. ఆ కోటాకి టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళందరూ రారట. ఎడతెగని సర్వీసు చేసి పెన్షన్ తెచ్చుకుంటున్నవాళ్ళు, డ్యూటీ వల్ల వైకల్యం వచ్చినవాళ్ళు, శౌర్య పతకాలు పొందినవాళ్ళు మాత్రమే లెక్క. మావాడికి ఆ మూడూ లేవు. ఏడేళ్ళు యూనిఫాం వేసుకున్నా పరీక్ష హాల్లో అందరితో పాటే. పోనీ అందులో ఉంటూనే ఇది చేస్తే? కుదరదు, పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు టెరిటోరియల్ ఆర్మీలో ఉండకూడదు. ఒకటి వదిలితేనే ఇంకోటి.

పోటీ కూడా చిన్నది కాదు. 2022 నవంబరులో మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ వేస్తే, 2023 జనవరిలో ప్రిలిమ్స్ నాలుగున్నర లక్షల మందికి పైగా రాశారు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో మొదలై, చివరి రాతపరీక్ష 2025 జూన్‌లో జరిగి, ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. అంటే ఫలితం చూడ్డానికే రెండున్నరేళ్ళు పైన. అప్పట్లో మావాడు డ్యూటీలో ఉండి దరఖాస్తే పెట్టలేదు. బీసీలకి వయసు సడలింపు ఉంది కాబట్టి ఇంకా టైముంది గానీ, మరీ ఎక్కువ లేదు.

"పరుగు నాకు లెక్క కాదు పిన్నీ. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో అంటే నడిచినట్టే. ఏపీఎస్పీకైతే వంద మార్కులు పరుగు, దూకుడుకే ఉంటాయి, వంద మార్కులు రాతపరీక్షకి. సివిల్‌కి మాత్రం రెండొందలూ రాతపరీక్షకే, పరుగు క్వాలిఫై అయితే చాలు. నాకు సివిలే కావాలి" అన్నాడు.

"సులువుగా వచ్చేది వదిలేసి కష్టమైంది ఎందుకురా?"

"బెటాలియన్ అంటే మళ్ళీ బ్యారక్సే కదా. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి నిలబడాలి. నాకు స్టేషన్‌లో పని చెయ్యాలనుంది."

అప్పుడు మా అక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏటి, స్టేషన్‌లో పనా? ఏం చేస్తావు అక్కడ? కూర్చోబెట్టి తిట్టడం, కొట్టడం నేర్చుకుంటావా?" అంది.

అందరూ అలా ఉండరే, గుర్తులేదా అన్నాను. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాసు లీకైనప్పుడు, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎక్కడివాళ్ళక్కడ పడిపోతుంటే, ముందుగా వెళ్ళినవాళ్ళలో పోలీసులున్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మనుషుల్ని భుజాన వేసుకుని తెచ్చారు. అంతమంది పోయిన ఆ ప్రమాదంలో, వాళ్ళు తలుపులు కొట్టి లేపకపోతే ఇంకెంతమంది పోయేవారో.

మా అక్క నా మాటకి తల ఊపింది గానీ మొహం మారలేదు. "పెరట్లోకి రా" అంది.

తులసికోట దగ్గర చెప్పింది అసలు సంగతి. పోయిన దసరాకి వాడు ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరూ బండి మీద గాజువాక వెళ్ళారట. జంక్షన్‌లో ఒక ఆటో వచ్చి బండికి రాసుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు, కాస్త రంగు పోయింది. ఆటో ఆయన దిగి ఏదో చెప్పబోయేలోపు మావాడు చెంప మీద కొట్టేశాడు.

"మీ బావ వయసుంటాదే ఆయనకి. చెంప పట్టుకుని అలా నిలబడిపోయాడు. నేను వెనకాల కూర్చుని చూశాను. ఇంటికొచ్చి వీడు మామూలుగా అన్నం తిన్నాడు. వాడికి ఏమవుతుందోనని కాదే నా భయం. బోర్డరుకి వెళ్తానంటే పంపాను. అక్కడ వాడి పక్కన పదిమంది ఉంటారు, పైన ఆఫీసరుంటాడు. ఇక్కడ రాత్రి పదకొండింటికి ఏ తాగుబోతో, ఏ ఏడుస్తున్న ఆడదో వాడి ఎదురుగా నిలబడితే? లాఠీ వాడి చేతిలో ఉంటాది. నా కొడుకు చేతిలో దెబ్బ తిన్నవాడి తల్లి నన్నే కదా తిట్టుకుంటాది?"

నాకు మాట రాలేదు. నేను నచ్చజెప్పడానికి తెచ్చుకున్న మాటలన్నీ వేరే భయం గురించి. పోలీసు ఉద్యోగమంటే పండగలుండవు, వేళకి తిండి ఉండదు, పెళ్ళిసంబంధాలు వెనక్కి పోతాయి అంటుందేమో అనుకున్నాను. మనం పిల్లలకి ఏమవుతుందోనని భయపడతాం. మన పిల్లల వల్ల ఎవరికేమవుతుందోనని భయపడే తల్లిని నేను అదే చూడటం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీదికి వెళ్ళాను. వాడు ఆరేసిన బట్టలు తీస్తున్నాడు. చుట్టూ తిప్పకుండా అడిగేశాను, ఆ ఆటో సంగతి ఏమిటని.

వాడి మొహం ఎర్రబడింది. "అమ్మ చెప్పిందా? అమ్మ మర్చిపోయిందనుకున్నాను" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు: "మర్నాడు స్టాండ్‌కి వెళ్ళాను పిన్నీ. ఆయన్ని వెతికి క్షమించమని అడిగాను. పర్లేదు బాబూ, పర్లేదు బాబూ అన్నాడు. ఎందుకన్నాడో తెలుసా? మళ్ళీ కొడతానేమోనని. వెనక్కి వెనక్కి జరుగుతూ అన్నాడు."

"మరి అలాంటప్పుడు పోలీసెందుకురా?"

"నీ గొలుసు పోయినప్పుడు స్టేషన్‌కి నేనే కదా తోడొచ్చాను" అన్నాడు.

పదేళ్ళ కిందటి మాట. సాయంత్రం నడకకి వెళ్తే బైకు మీద వచ్చి మెళ్ళో గొలుసు లాక్కుపోయారు. మావారు షిఫ్టులో ఉంటే, టెన్త్ చదువుతున్న వీణ్ణి తోడు తీసుకుని ఒక స్టేషన్‌కి వెళ్ళాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. బంగారం వేసుకుని నడకకి ఎవరు రమ్మన్నారని ఒకాయన అడిగాడు. మెడ మీద గీరుకుపోయిన చోట రక్తం కారుతోంది, ఆ మాటకి ఇంకా మండింది. చివరికి ఒక కుర్ర కానిస్టేబుల్ వచ్చి మంచినీళ్ళిచ్చి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని, "ఒకసారి వినండమ్మా, తప్పుంటే చెప్పండి" అని మొత్తం చదివి వినిపించాడు. గొలుసు దొరకలేదు. కానీ ఆ రాత్రి నేను నిద్రపోగలిగానంటే ఆ అబ్బాయి వల్లే. తర్వాత అతని పేరు కూడా అడగలేదని బాధపడ్డాను.

"ఇద్దర్నీ ఒకే బెంచీ మీంచి చూశాను పిన్నీ. ఆటో ఆయన్ని కొట్టిన రోజు, నేను ఆ మొదటివాడిలా అయిపోయానేమో అనిపించింది. ఏడేళ్ళలో నాకు గట్టిగా నిలబడ్డం నేర్పారు. ఎదుటివాడు మనవాడే అయినప్పుడు ఎలా నిలబడాలో నేర్చుకోలేదు. అది నేర్చుకోవాలంటే అక్కడే ఉండాలి కదా."

మా చిన్నప్పుడు పుస్తకాల్లో పోలీసుని రక్షకభటుడు అనేవారు. ఇన్నేళ్ళూ మావాడు భటుడు. దాని ముందున్న మాట కలుపుకోవడానికి వాడికి వీలవుతుందా లేదా అన్నది నేను చెప్పలేను. కోపం ఉన్నవాడికి లాఠీ ఇవ్వడం తప్పేమో. తన కోపాన్ని చూసి సిగ్గుపడ్డవాడికి ఇవ్వకపోవడం కూడా తప్పేమో. ఆ మాటే వాడితో అన్నాను. "నాకు చెప్పింది కిందికెళ్ళి అమ్మకి చెప్పు. స్టాండ్‌కి వెళ్ళిన సంగతి కూడా" అన్నాను.

"సిగ్గుగా ఉంటుంది పిన్నీ."

"ఉండనీ. అది ఉండాలనే చెప్పమంటున్నాను."

చెప్పాడు. నేను పక్కన లేను, వీధరుగు మీద బావగారితో కూర్చున్నాను. లోపల్నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను బయల్దేరేటప్పుడు అక్క అరిసెలు పొట్లం కట్టి ఇచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేనూ అడగలేదు.

మొన్న ఆదివారం ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "తెల్లారగట్ల నాలుగున్నరకి లేస్తున్నానే, నిద్ర చాలట్లేదు" అంది.

"అంత పొద్దున్నే ఏం పని?"

"వాడు గ్రౌండుకి వెళ్తున్నాడు. పరిగెత్తి వచ్చేసరికి చోడి అంబలి కాచి చల్లార్చి ఉంచాలి కదా" అంది. వెంటనే, "నేను ఒప్పుకున్నానని వాడితో అనకు" అని పెట్టేసింది.