ఒంటె, పిచ్చుక

ఒంటె మూపురంలో నీళ్ళుంటాయని చిన్నప్పుడు మేమెలా నమ్మామో, ఇప్పుడు మా మనుమడూ అలాగే నమ్ముతున్నాడు. అందులో ఉండేది కొవ్వు. అసలు కిటుకు వేరే ఉంది. 1950లలో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారాకు వెళ్ళి తేల్చిందేమంటే, నీళ్ళు దొరకని ఒంటె పగలంతా తన ఒంటిని కాగనిస్తుంది. తెల్లవారుజామున 34 డిగ్రీలున్న వేడి సాయంత్రానికి 40 దాటుతుంది. చెమట పోస్తే నీళ్ళు ఖర్చు కదా! ఆ వేడి రాత్రి చలికి ఊరికే పోతుంది. ఒంటి బరువులో నాలుగో వంతు నీరు పోయినా ఓర్చుకుంటుంది. దొరికిననాడు పది నిమిషాల్లో వంద లీటర్లు లాగించేస్తుంది. ఒక్కసారిగా అంత తాగినా దాని ఎర్ర రక్తకణాలు ఉబ్బుతాయే గాని పగలవు. క్షీరదాలన్నిటిలో ఒంటె కుటుంబానికే కోలకణాలు. తతిమ్మా అన్నిటికీ గుండ్రనివి. కోలవి మళ్ళీ ఎవరికి ఉన్నాయనుకున్నారు? మన పిచ్చుకకు!

ఈ పిచ్చుక పాతిక ముప్పై గ్రాముల ప్రాణి. ఒంటెకు జ్వరమనిపించే 41 డిగ్రీలు దీనికి రోజువారీ వేడి. చెమట గ్రంథులు లేవు, ముక్కు తెరిచి రొప్పుతుంది. మూత్రాన్ని తెల్లని ముద్దగా వదిలి నీళ్ళు మిగుల్చుకుంటుంది. అయినా అంత చిన్న ఒంట్లో దాచుకునే చోటేదీ? మే నెలలో ధర్మాబాదులో, వాకిట్లో పెట్టిన మట్టి మూకుడు దగ్గరికి పొద్దస్తమానం వస్తూనే ఉంటుంది.

మా మనుమడికి ఇది పిచ్చుక కాదు, 'చిమణీ'. మైనపు ఇంటి చిమణీ, పేడ ఇంటి కాకి కథ బడిలో నేర్చాడు. ఒంటె మీద కూర్చొని మేకలు తోలడమనే మరాఠీ నానుడీ వచ్చు. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం" అంటే మాత్రం నా మొహం చూస్తాడు. రైలెక్కితే కాసేపట్లో బాసర. వాడి అక్షరాభ్యాసం ఆ సరస్వతి ఎదుటే తెలుగులో చేయించాం, జూన్‌లో మరాఠీ బడిలో వేశాం. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసినా, 1960లో మహారాష్ట్ర ఏర్పడినా, మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు నిండా ఉండేవారు. మా తరం వాళ్ళ దగ్గర కడుపునిండా తాగింది. ఆ నిల్వతోనే ఈ పత్రిక చదువుతున్నాను. వాడికి నిల్వ లేదు. ఏ రోజుది ఆ రోజు పోయాలి.

అందుకని రాత్రి అన్నాల దగ్గర ఒక కథ తెలుగులో చెబుతున్నాను. నిన్న బ్రహ్మాస్త్రం సంగతి చెప్పాను.

"చిమణీ ఏం తప్పు చేసింది తాతా?" అన్నాడు.

'పిచ్చుక' అనమన్నాను. అన్నాడు గానీ, ముందు తన ప్రశ్నకు జవాబు చెప్పమన్నాడు.