చట్టం వచ్చింది, భాగం రాలేదు

మార్పు మెల్లగా రావాలా, ఒక్కసారిగా రావాలా అన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు హిందూపురం గుర్తొస్తుంది. 1985లో ఇక్కడి ఎమ్మెల్యేగా, ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్.టి. రామారావు ప్రభుత్వం, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబర్ 5 నుంచే వర్తించింది. దేశమంతటా కూతుళ్లకు అలాంటి హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. జనమే మెల్లగా మారతారులే అని కూర్చుని ఉంటే ఎన్ని తరాలు పట్టేదో! ఆ తెగింపే సరైనదని నా నమ్మకం.

అయినా ఇళ్లలో జరిగేది చూడండి. అన్న పళ్లెంలో ధర్మవరం పట్టుచీర, పసుపు కుంకుమ పెట్టి ఇస్తాడు. ఆ వెనకే హక్కు విడుదల పత్రం వస్తుంది. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చెల్లెలు మారు మాట్లాడకుండా సంతకం పెడుతుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి కియా కార్లు రోడ్డెక్కాయి. భూమి విలువ పెరిగే అలాంటి చోట ఆ ఒక్క సంతకంతో ఆమె పోగొట్టుకునేది ఎంతో!

ఇక్కడ ఇంకో చట్టం చేసి లాభం లేదు. ఇంట్లో పెద్దవాళ్లే నోరు విప్పాలి. అన్నలారా, చీర పెట్టండి, భాగమూ రాయండి.