ఫలితాల పట్టికలో కనిపించని పార్టీ

2022 జూలై కరెంట్ అఫైర్స్ నోట్స్ మీ దగ్గర ఇంకా ఉంటే ఒకసారి తీయండి. వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం, ముఖ్య అతిథిగా బస్తర్ నుంచి కాకతీయ వారసుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్. మనలో చాలామంది అంతవరకే రాసుకున్నాం. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఒక బిట్ ప్రశ్నకు అది చాలు. ఇంటర్వ్యూకి చాలదు, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను జగదల్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అవుతున్నా. మొన్న హైదరాబాద్‌లో ఒక మాక్ ఇంటర్వ్యూకి వెళ్లా. కాకతీయుల ప్రశ్న వస్తుందనుకున్నా, వచ్చింది, గడగడా చెప్పేశా. అప్పుడు బోర్డులో ఒక పెద్దాయన అడిగారు: "1952 నుంచి 1971 దాకా అయిదు లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా కాంగ్రెస్ గాలి. బస్తర్‌లో మాత్రం నాలుగుసార్లు ఇండిపెండెంట్లే గెలిచారు. ఎందుకు?" నేను ఆలోచించకుండా "నిరక్షరాస్యత, రాజభక్తి సార్" అన్నా. ఆయన కోప్పడలేదు. "రోజూ మీ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ల తాతల గురించే కదా మీరు చెప్పేది?" అని పక్క మెంబర్‌కి అప్పగించేశారు.

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాటే. అనంతగిరి సొరంగాల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది కదా, చదవడానికి ఏమీ ఉండదు, మనసు ఒకటే చోట తిరుగుతుంది. ఆ తర్వాత నేను చదివిందీ, ఇక్కడ విన్నదీ మీకు చెబుతున్నా.

ఆ నలుగురి పేర్లు ముందు రాసుకోండి. 1952లో ముచాకి కోసా, 1962లో లఖ్ము భవానీ, 1967లో ఝాడూరామ్ సుందర్‌లాల్, 1971లో లంబోదర్ బలియార్. పట్టికలో అందరి పక్కనా ఇండిపెండెంట్ అనే ఉంటుంది. కానీ 1962 నాటికి ఇక్కడ జనం నోట్లో దానికి ఒక పేరుంది, మహారాజా పార్టీ. దాని మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్. తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి 1936లో లండన్‌లో చనిపోతే ఏడేళ్ల వయసులో గద్దెనెక్కాడు. 1948 జనవరి 1న బస్తర్ విలీనమయ్యేసరికి ఆయనకు ఇంకా 20 ఏళ్లు నిండలేదు. ఆ నాటి బస్తర్ అంటే ఇప్పటి జిల్లా అనుకోకండి. కేరళ కంటే కాస్త పెద్దది, ఇప్పుడు దాన్ని ఏడు జిల్లాలు చేశారు.

ఆయన్ని మహాత్ముడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. చపలచిత్తుడు, డబ్బు చేతికందినంత పంచేవాడు, తనను తాను దంతేశ్వరి అమ్మవారి ప్రధాన పూజారిగా, దాదాపు దేవుడిగా అనుకున్నాడు. ఆయన రాసుకున్న పుస్తకం పేరే 'ఐ ప్రవీర్: ది ఆదివాసీ గాడ్'. 1953లో ప్రభుత్వం ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తీసుకుంది. దాన్ని తిరిగి సంపాదించుకోవాలన్న పట్టుదల ఆయన రాజకీయాల్లో చివరిదాకా ఉంది. ఆ స్వార్థాన్ని దాచి రాస్తే ఆన్సర్ అబద్ధమవుతుంది.

అయితే ఆదివాసీల ఫిర్యాదు ఆయన ఫిర్యాదు కంటే పాతది. 1876లో మురియాలు తిరగబడ్డారు, 1910లో గుండాధుర్ పేరుతో మనం చదివే భూమ్‌కాల్ వచ్చింది. రెండింటి వెనకా వెట్టి, అధికారుల దోపిడీ ఉన్నాయి, 1910 నాటికి అడవి మీద ఆంక్షలు కూడా. స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖ అదే, చట్టం అదే. 1958లో తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. బైలాడిలా ఇనుము కోసం సర్వేలు. ఇవన్నీ రాయ్‌పూర్‌లోనో భోపాల్‌లోనో ఢిల్లీలోనో తేలిపోయే విషయాలు. మా బ్రాంచికి పెన్షన్ కోసం వచ్చే ఒక మురియా పెద్దాయనతో ఒకరోజు ఈ మాటే ఎత్తా. ఆయన హల్బీలో అన్నది మా అటెండర్ నాకు హిందీలో చెప్పాడు: "అప్పట్లో మా బాధ ఇంకెవరికి చెప్పుకోవాలి? ఆయనొక్కడే మా మాటలో మాట్లాడేవాడు." నా "రాజభక్తి" పాయింట్ అక్కడే కొట్టేశా.

ఇప్పుడు మళ్లీ పట్టికకు రండి. ఆ అయిదు ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచింది ఒక్క 1957లో. ఆ ఏడాది ప్రవీర్ చంద్ర ఎక్కడున్నాడు? కాంగ్రెస్‌లోనే, జగదల్‌పూర్ నుంచి ఎమ్మెల్యే. మధ్యలోనే రాజీనామా చేసి బయటికొచ్చాడు. కాంగ్రెస్ తనదనుకున్న ఓటు కూడా ఆయన వెంటే వెళ్లిపోయింది. ఈ ఒక్క పోలిక నాకు ఏ మెటీరియల్‌లోనూ కనబడలేదు, చేత్తో గీసుకున్న టేబుల్‌లో కనబడింది.

పార్టీని పైకి లేపింది ప్రభుత్వమేనని నా అభిప్రాయం. 1961 ఫిబ్రవరిలో ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం కింద ఆయన్ని అరెస్టు చేశారు. మర్నాడే, ఫిబ్రవరి 12న, ఆర్టికల్ 366(22) కింద రాష్ట్రపతి ఇచ్చిన పాలకుడి గుర్తింపు రద్దు చేసి తమ్ముడు విజయ్ చంద్రకు ఇచ్చారు. పాలిటీలో ఆ క్లాజు చదివేటప్పుడు అది ఒక మనిషి మీద ఎలా పనిచేసిందో ఎవరూ చెప్పరు. ఫైలు మీద సంతకంతో రాజు మారాడు, బస్తర్ పల్లెల్లో మారలేదు. మార్చి 31న లోహండీగూడలో ఆయన్ని విడవమని గుమికూడిన వాళ్లపై కాల్పులు జరిగాయి, ఆదివాసీలు చనిపోయారు. (ఈ లోహండీగూడ మీకు మరోచోట తగులుతుంది. టాటా స్టీల్ కోసం తీసుకున్న 10 గ్రామాల భూమిని 2019లో రైతులకు తిరిగిచ్చింది ఇక్కడే.) మరుసటి ఏడాది ఎన్నికల్లో లోక్‌సభ సీటుతో పాటు జిల్లాలో చాలా అసెంబ్లీ సీట్లు మహారాజు మనుషులవే.

అక్కడినుంచి దిగడం కూడా వేగంగానే జరిగింది. గెలిచినవాళ్లను కలిపి ఉంచే కమిటీ గాని, జిల్లా బయట ఒక తోడు గాని లేవు. పక్కనే ఒడిశాలో ఏం జరిగిందో చూడండి. అక్కడా మాజీ రాజులే. ఆర్.ఎన్. సింగ్‌దేవ్ నాయకత్వంలో గణతంత్ర పరిషత్ 1957లో 51 అసెంబ్లీ సీట్లు గెలిచింది, కొంతకాలం కాంగ్రెస్‌తోనే కలిసి ప్రభుత్వంలో కూర్చుంది, 1962లో స్వతంత్ర పార్టీలో కలిసిపోయింది. 1967లో సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి అయ్యాడు. బేరమాడటం తెలిసిన పార్టీ అది. బస్తర్ పార్టీకి బేరమాడే మనిషి ఒక్కడే, ఆ ఒక్కడికీ బేరం చేతకాదు.

1965-66 కరువు, దాని మీద ధాన్యం లెవీ. తిండికే లేనప్పుడు లెవీ ఏమిటని ఊళ్ల నుంచి జనం జగదల్‌పూర్ ప్యాలెస్‌కి రావడం మొదలైంది. ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో వచ్చారు. 1966 మార్చి 25న ప్యాలెస్ ఆవరణలో పోలీసు కాల్పులు, అటునుంచి బాణాలు. ప్రవీర్ చంద్ర తన ఇంట్లోనే చనిపోయాడు. అధికారిక లెక్క ఆయనతో కలిపి 12 మంది. ఊళ్లో ఆ లెక్కను నమ్మేవాణ్ణి నేనింకా కలవలేదు. జస్టిస్ కె.ఎల్. పాండే కమిషన్ విచారణ జరిపింది. అప్పుడు ముఖ్యమంత్రి డి.పి. మిశ్రా.

పార్టీ ఆ రోజే పోయింది. ఓటు మాత్రం వెంటనే పోలేదు, అందుకే 1967, 1971 ఫలితాలు అలా ఉన్నాయి. 1970ల మొదట్లో బాబా బిహారీ దాస్ అనే సాధువు తానే ప్రవీర్ చంద్రనని చెప్పుకుంటూ తిరిగితే వేలమంది ఆయన చేతుల మీదుగా తులసి కంఠి కట్టించుకున్నారు. పోయిన నాయకుడి కోసం జనం అంత వెతుక్కున్నారన్నమాట. ఈలోగా 1971లో 26వ సవరణ వచ్చింది, ఆర్టికల్ 291, 362 తీసేసి 363ఎ చేర్చారు. గుర్తించడానికి ఇక రాజులే లేరు. 1977లో జనతా గాలి బస్తర్‌నూ తాకింది. 1980 నుంచి మళ్లీ కాంగ్రెస్, ఒక్క 1996లో మహేంద్ర కర్మ ఇండిపెండెంట్‌గా, 1998 తర్వాత చాలాకాలం బీజేపీ. కమల్ చంద్ర కూడా జాతీయ పార్టీలోనే చేరాడు.

మిగిలింది దసరా. 75 రోజుల పండుగ, చివర్లో మురియా దర్బార్. 1876 తిరుగుబాటు తర్వాత ఊరి మాంఝీల గోడు వినడానికి మొదలుపెట్టిన సభ అది. ఇప్పుడు ముఖ్యమంత్రి వచ్చి కూర్చుంటారు. కిందటేడు లంచ్ బ్రేక్‌లో వెళ్లి వెనక నిలబడ్డా. తలపాగాల మాంఝీలు వరసగా లేచి చెబుతున్నారు: రోడ్డు, బడి, మాంఝీల గౌరవ వేతనం. వేదిక పక్కన నా వయసు డిప్యూటీ కలెక్టర్ ఒకడు రాసుకుంటున్నాడు. హల్బీలో చెబుతుంటే పెన్ను ఆపి పక్కవాడి వైపు చూస్తున్నాడు, పక్కవాడు హిందీలో రెండు ముక్కలు చెప్పాక మళ్లీ రాస్తున్నాడు.

మా అటెండర్ దగ్గర సాయంత్రం అరగంట హల్బీ మొదలుపెట్టా. ఇంటర్వ్యూకి మార్కులొస్తాయా అని అడిగితే రావు. ఇంకో మాక్ పదహారో తారీఖున ఉంది.