పిడికిట్లో మిడత

మాట ఒకటే, అర్థాలు రెండు. అన్నవాడి మనసులో ఒకటి ఉంటుంది, విన్నవాడు ఇంకొకటి పట్టుకుంటాడు. ఆ రెండూ ఎదురుపడ్డ చోట నవ్వు పుడుతుంది. మన ఆలంకారికులు దీన్ని శ్లేష అన్నారు. అని ఊరుకోకుండా సభంగం, అభంగం అని రెండు రకాలుగా విడదీశారు. మాటను విరిస్తే రెండో అర్థం బయటపడేది సభంగం. విరవకుండానే రెండర్థాలూ ఇచ్చేది అభంగం. ‘మనసారా’ను ‘మన సారా’ అని విరిస్తే మొదటిది. ‘చెప్పు’ అన్నప్పుడు నోటితో చేసే పనా, కాలికి తొడిగే వస్తువా అన్నది తేలకపోతే రెండోది.

సభంగ శ్లేషకు ఇంగ్లీషువాళ్ల దగ్గర మంచి ఉదాహరణ ఉంది. బీబీసీలో 1971 నుంచి 1987 దాకా వచ్చిన ‘ది టూ రోనీస్’ కార్యక్రమంలో 1976 నాటి ఒక చిన్న ఘట్టం అది. చోటు ఇనప సామాను కొట్టు. కొనడానికి వచ్చింది రోనీ బార్కర్, బల్ల వెనక నిలబడ్డది రోనీ కార్బెట్. వచ్చినవాడికి కావలసింది ‘ఫోర్క్ హ్యాండిల్స్’, అంటే తోటలో మట్టి తిరగవేసే ముళ్లపారకు వేసే పిడులు. అతని యాసలో ‘హ’ పలకదు. కొట్టువాడికి ‘ఫోర్ క్యాండిల్స్’ అని వినబడుతుంది. లోపలికి వెళ్లి నాలుగు కొవ్వొత్తులు తెచ్చి బల్ల మీద పెడతాడు. అక్కడి నుంచి ప్రతి వస్తువుకూ ఇదే తంతు. ఎవరూ కాలు జారి పడరు, ఎవరూ మొహం వికారంగా పెట్టరు. ఒక అక్షరం ఈ మాట చివరి నుంచి ఆ మాట మొదటికి జరుగుతుంది, అంతే. ఈ ఘట్టాన్ని రాసింది బార్కరే. తన పేరు చూసి కాక రాతను చూసి మంచిచెడ్డలు తేల్చాలని ఆయన జెరాల్డ్ వైలీ అనే మారుపేరుతో రచనలు పంపేవాడు.

ఇంగ్లీషులో ఇలాంటి హాస్యాన్ని చవకబారు సరుకుగా చూసే అలవాటు పాతదే. మాట విరుపు వినగానే నవ్వు ఆపుకుని మూలగడం అక్కడ ఒక మర్యాద. ఆ చిన్నచూపు తెలుగు పత్రికల దాకా పాకింది. ఇది అన్యాయం. తెలుగు అలంకారశాస్త్రం శ్లేషకు పీట కాదు, సింహాసనమే వేసింది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రాశాడు. అందులో ఒకే పద్యం ఒకవైపు రామాయణం, మరోవైపు భారతం చెబుతుంది. అలా ఒక పద్యం కాదు, కావ్యం మొత్తం నడుస్తుంది. కొవ్వొత్తుల కొట్టులో జరిగింది చిన్న ఎత్తున అదే పని. పాఠకుడికి ఒకచోట పాండిత్యమనీ మరోచోట వెకిలితనమనీ చెప్పడం సరికాదు.

మాటతో ఆడుకునే హాస్యానికి బహుభాషల నేల ఎంత అనుకూలమో మలేషియా చూపిస్తుంది. మలయ్, చైనీస్ మాండలికాలు, తమిళం, ఇంగ్లీషు, వాటి మధ్య తెలుగు కూడా ఒకే వీధిలో వినబడే దేశం అది. అక్కడ ప్రతి చెవీ పుట్టినప్పటి నుంచి రెండు మూడు అర్థాలకు సిద్ధంగా ఉంటుంది. ఆ చెవుల కోసం పనిచేసిన మహానుభావుడు పి. రామ్లీ. 1929 మార్చి 22న పెనాంగ్‌లో పుట్టాడు. రోనీ బార్కర్ పుట్టిందీ అదే ఏడాది. రామ్లీ ముందున్న ‘పి’ తండ్రి పేరైన పుతెహ్‌కు పొడి అక్షరం. పేరుకు ముందు తండ్రి పేరు పొడి అక్షరంగా పెట్టుకోవడం దక్షిణ భారతం నుంచి వెళ్లినవాళ్లకు కొత్తగా అనిపించదు. రామ్లీ నటుడు, దర్శకుడు, గాయకుడు, సంగీతకర్త. సింగపూర్‌లోని జాలన్ అంపాస్ వీధిలో షా సోదరుల స్టూడియోలో పేరు తెచ్చుకున్నాడు. 1964లో కౌలాలంపూర్ చేరాడు. 1973 మే 29న అక్కడే కన్నుమూశాడు.

1957లో ఆయన ‘బుజాంగ్ లాపోక్’ తీశాడు. బుజాంగ్ అంటే పెళ్లికాని మగవాడు, లాపోక్ అంటే బూజుపట్టినది. బూజుపట్టిన బ్రహ్మచారులన్న మాట. రామ్లీ, అజీజ్ సత్తార్, ఎస్. శంసుద్దీన్ ఆ ముగ్గురు. 1959లోనూ, 1961లో రెండుసార్లూ ఆ ముగ్గురూ తిరిగి వచ్చారు. ఇప్పటి మలేషియాలో భాగమైన మలయా స్వతంత్రమైందీ 1957లోనే. తెలుగులో ‘మాయాబజార్’ వచ్చిందీ అప్పుడే. ఆ సినిమా కోసం పింగళి నాగేంద్రరావు ‘అస్మదీయులు’ పక్కన ‘తసమదీయులు’ పుట్టించి ఘటోత్కచుడి రాక్షసుల నోట పలికించిన రోజుల్లోనే, సముద్రానికి అటువైపు ఇంకో మనిషి మలయ్ మాటలను విరిచి అతికిస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. అయినా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడవలసిందే.

రామ్లీ పాత్రల పేర్లతోనే సగం పని కానిచ్చేవాడు. ‘అహ్మద్ అల్బాబ్’లో ధనవంతుడు మషూద్ అల్ బువాయా. ‘అల్’ చూస్తే గొప్ప అరబ్బు వంశం అనిపిస్తుంది. బువాయా మాత్రం అచ్చమైన మలయ్ మాట, అర్థం మొసలి. ‘లాబు దాన్ లాబి’లో యజమాని హాజీ బాఖిల్, అంటే పిసినారి హాజీ. పనివాళ్లలో ఒకడు లాబు, అంటే సొర, గుమ్మడి జాతి కాయ. రెండోవాడు లాబి. ఆ మాటను రెండుసార్లు పలికితే ఒక రకం తాబేలు. ‘తిగా అబ్దుల్’లో ముగ్గురు అన్నదమ్ములు వహాబ్, వహీబ్, వహూబ్. అకార ఇకార ఉకారాలతో ఒక కుటుంబమంతా తయారైంది. వాళ్ల తండ్రి ఇస్మెత్ ఉలామ్ రాజా. ఉలామ్ రాజా అంటే అన్నంలో నంజుకు తినే పచ్చి ఆకు. ఊరి పేరు ఇస్కెతాంబోలా. పేరు వినగానే టోపీలు పెట్టుకున్న తుర్కుల పట్నం కళ్లముందు నిలుస్తుంది. ఆ పట్నం ఏ పటంలోనూ లేదు.

మలయ్ వ్యాకరణమే ఈ ఆటకు సగం దారి చూపుతుంది. మాటను రెండుసార్లు అంటే చాలా చోట్ల బహువచనం అవుతుంది. కొన్ని చోట్ల మాత్రం కొత్త మాట పుడుతుంది. మాతా అంటే కన్ను. మాతా మాతా అంటే పోలీసు. హాతి అంటే కాలేయం, మనసు. హాతి హాతి అంటే జాగ్రత్త. వరస మార్చినా అంతే. ఆయర్ మాతా అంటే కన్నీరు, మాతా ఆయర్ అంటే ఊట. ఇలాంటి భాషను చేతిలో పెట్టుకుని శ్లేష ఆడకుండా ఉండడం కష్టం.

రామ్లీ 1959 నాటి సినిమా ‘నుజుమ్ పాక్ బెలాలాంగ్’ దగ్గర తెలుగు పాఠకుడు ఎక్కువసేపు ఆగాలి. పాత మలయ్ నవ్వుల కథల్లో పాక్ బెలాలాంగ్ ఒక బద్ధకస్తుడు. బెలాలాంగ్ అంటే మిడత, అది అతని కొడుకు పేరు. ఊరివాళ్లకు అతను ‘మిడత తండ్రి’. ఏమీ తెలియకుండానే జోస్యం చెప్పేవాడిగా పేరుపడి రాజుగారి కొలువుకెక్కుతాడు. సినిమాలో దొంగల్ని పట్టమని రాజు ఆజ్ఞ. పట్టలేకపోతే తల పోతుంది. భయంతో అతను తన దేహాన్నీ ప్రాణాన్నీ పిలిచి ఏడుస్తాడు. మలయ్‌లో దేహం బాదాన్, ప్రాణం న్యావా. ఆ చుట్టుపక్కలే ఉన్న దొంగలిద్దరి పేర్లూ సరిగ్గా బాదాన్, న్యావా. తమ పేర్లు తెలిసిపోయాయని వాళ్లు గడగడలాడుతూ బయటికొస్తారు. చిన్న ముక్క కూడా విరగని అభంగ శ్లేష అది. జానపద కథలో ఇంకొకటి ఉంది. రాజు పిడికిలి మూసి లోపల ఏముందో చెప్పమంటాడు. ఇక చావే గతి అనుకున్న తండ్రి కొడుకును తలుచుకుని ‘బెలాలాంగ్!’ అని అరుస్తాడు. రాజు పిడికిలి విప్పుతాడు. లోపల మిడత.

ఈ కథ చదివిన తెలుగువాడి నోటికి వెంటనే వచ్చే పేరు మిడతంభొట్లు. మన మిడతంభొట్లు కూడా జోస్యం రాని జోస్యుడే. రాజు పిడికిట్లో మిడతను దాచి అడిగితే, ఇక దొరికిపోయానని తనను తానే పేరుపెట్టి తిట్టుకుంటాడు. అదే సమాధానమై కూర్చుంటుంది. ఊహించి చెప్పింది తగిలితే ‘మిడతంభొట్లు జోస్యం’ అనడం ఇప్పటికీ ఉంది. పదకొండో శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఇతని పేరు హరిశర్మ. అక్కడ అతను తన నాలుకను, అంటే జిహ్వను తిట్టుకుంటే దొంగతనం చేసిన జిహ్వ అనే దాసి విని కాళ్ల మీద పడుతుంది. కుండలో దాచిన కప్పను చెప్పమంటే చిన్ననాటి ముద్దుపేరుతో తనను మండూకమని పిలుచుకుని గండం గట్టెక్కుతాడు. జర్మనీలో గ్రిమ్ సోదరుల కథలో మూత పెట్టిన పళ్లెంలో ఉన్నది పీత, జోస్యుడి పేరు కూడా అదే. జానపద కథలకు అంకెలు వేసే పండితులు దీనికి 1641 ఇచ్చారు.

దేశం మారినప్పుడల్లా ఈ కథలో పురుగో జంతువో మారుతుంది, పేరు మారుతుంది, శ్లేష మాత్రం ఉండితీరాలి. అది తీసేస్తే మిగిలేది బద్ధకస్తుడూ ఒక రాజూ. శ్లేషను అనువదించలేమంటారు. వెయ్యేళ్లుగా ప్రతి భాషా దీన్ని తన ఇంట్లో ఉన్న దినుసులతో మళ్లీ వండుకుంది. అనువాదం అంటే అదే.

ఇప్పటి ఉపశీర్షికల మీద కోపం అందుకే. ‘బాదాన్’ అని వినబడుతుంటే కింద ఇంగ్లీషులో ‘దేహం’ అని పడితే దొంగ ఎందుకు వణికాడో చూసేవాడికి అర్థం కాదు. పేరుగా వదిలేస్తే ఏడుపులో అర్థం పోతుంది. రాసేవాళ్లు సాధారణంగా ఒక అర్థాన్ని ఎంచుకుని రెండోదాన్ని నిశ్శబ్దంగా పాతిపెడతారు. థియేటర్లో మలయ్ వచ్చినవాళ్లంతా నవ్వుతుంటే పక్కవాడు తెర కింద అక్షరాలు చదువుకుంటూ, ఏదో పోగొట్టుకున్నవాడిలా అటూ ఇటూ చూస్తాడు. దొంగ పేరు మార్చేసినా తప్పు లేదు. తెలుగులో చేస్తే ఒక దొంగ ప్రాణయ్య, ఇంకొకడు దేహయ్య. గంటసేపు కూర్చుంటే ఎవరికైనా ఇంతకంటే మంచివి తడతాయి. ఆ గంట ఎవరూ పెట్టరు. ‘అలీ బాబా బుజాంగ్ లాపోక్’లో గుహ తలుపు తెరిచే మంత్రం జావా భాషలో ఉంటుంది. గంభీరంగా వినబడే ఆ మంత్రానికి అర్థం తెలిసినవాళ్లు చిన్నపిల్లల ముందు చెప్పరు. అది కూడా కింద ఏదో ఒక సాదా మంత్రంగా మారితే, సినిమా తీసినవాడి చెవికి అంతకంటే అవమానం ఉండదు.

ఈ చెవి ఎక్కడ తయారైంది? పెనాంగ్ బోరియా పాటల్లో, బంగ్సావాన్ నాటకాల్లో, పాంతున్‌లో. బోరియాలో నాయకుడు ప్రాసతో చురకలు వేస్తుంటే బృందం పల్లవి అందుకుంటుంది. బంగ్సావాన్‌కు మూలం భారతదేశం నుంచి ఓడెక్కి వచ్చిన పార్సీ నాటక సమాజాలు. ఆ పార్సీ నాటకాల గాలి తెలుగు రంగస్థలానికీ సోకింది. పాంతున్ నాలుగు పాదాల పద్యం. మొదటి రెండు పాదాలు పెంబాయాంగ్, అంటే నీడ. చివరి రెండు మక్సుద్, అంటే చెప్పదలచినది. నీడలో వినబడ్డ ధ్వనే చివరికి అర్థమై తిరిగొస్తుంది. పెళ్లిళ్లలో ఇరుపక్షాలూ ఒకరి పాంతున్‌కు ఒకరు బదులు చెప్పుకుంటారు. 2020లో ఇండోనేషియా, మలేషియా కలిసి దీన్ని యునెస్కో జాబితాలో చేర్పించాయి.

మలయ్ జానపద కథల్లో పల్లవితో ప్రాణం దక్కించుకున్నవాడూ ఉన్నాడు. సీ లుంచాయ్ అనే కొంటెవాణ్ణి సముద్రంలో ముంచమని రాజు పంపిస్తాడు. పడవలో అతను తెడ్లు వేసేవాళ్లకు పాట నేర్పుతాడు. ఒక వరసవాళ్లు లుంచాయ్ తన లాబు కాయలతో సహా దూకేశాడని పాడాలి. రెండో వరసవాళ్లు పోనీ పోనీ అనాలి. పాట ఊపందుకున్నాక అతను నిజంగానే దూకి ఈదుకుంటూ పోతాడు. వెనక పోనీ పోనీ అని పాట సాగుతూనే ఉంటుంది. తెనాలి రామకృష్ణుడి కథల పక్కన పెడితే ఇది ఒక మెట్టు కూడా తగ్గదు.

ఆ నేల మీద తెలుగు చెవులూ ఉన్నాయి. మలయా తోటలకు ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు పెరాక్‌లోని బగాన్ దాతుక్ వైపు, కెడా వైపు స్థిరపడ్డారు. వాళ్ల సంఘం 1955లో మొదలైంది. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. రామ్లీ రోజుల్లో తోటల మైదానాల్లో సినిమా ఆడించడానికి గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవారు. దాన్ని వాయాంగ్ పాచక్ అంటారు. ముందు చోటు దొరకని పిల్లలు గుడ్డ వెనక కూర్చుంటే బొమ్మలు కుడి ఎడమలు తారుమారై కనబడతాయి. మాటలు మాత్రం వెనక్కీ ముందుకీ ఒకేలా వినబడతాయి.

ఇంట్లో తెలుగు, బడిలో మలయ్, పక్కింట్లో తమిళం ఉన్న పిల్లకు ఎవరూ శ్లేష నేర్పనక్కర్లేదు. మలయ్‌లో మారి అంటే రమ్మని. తెలుగు చెవికి అది ‘మరి’కి చుట్టం. నాసి అంటే అన్నం. తెలుగులో నాసి అంటే చవకరకం. తాలి అంటే తాడు, తాళికి ఎంతో దూరంలో లేదు. మాతి అంటే చావు. తెలుగులో మతి పోయినా మనిషి బతికే ఉంటాడు. సువామి అంటే భర్త, ఇస్త్రీ అంటే భార్య. ఈ రెండూ సంస్కృతం ఇచ్చిన స్వామి, స్త్రీ. తెలుగులో ఇస్త్రీ చేసేది బట్టలకు.

అన్నిటికంటే గమ్మత్తైనది దోసా. మలయ్‌లో దోసా అంటే పాపం. అది సంస్కృత దోషమే, రూపం మార్చుకుని అక్కడ స్థిరపడింది. ఆ దేశంలో హోటల్ పలకల మీద దోశ పేరు తమిళం నుంచి వచ్చిన తోసై. అరటాకు పక్కన ఒక గిన్నెలో సాంబారు, ఇంకో గిన్నెలో కొబ్బరి పచ్చడి. పెనం నడుమ నుంచి గరిటె తిప్పుతూ పిండి పలచగా పరిస్తే చుట్టూ చిన్న చిన్న చిల్లులు లేస్తాయి. నూనె చుక్కలు వాటిలోకి దిగి అంచు ఎర్రబడుతుంది. అట్లకాడ కిందికి దూర్చి లేపేటప్పుడు ఒక పొడి చప్పుడు వస్తుంది. ఇంట్లో దోశ అనీ హోటల్లో తోసై అనీ పిలిచే పిల్లవాడు, బడిలో దోసా చేయకూడదని పాఠం చదివి వచ్చి, సాయంత్రం ఇంకో రెండు వేయించుకుంటాడు.