ఏ యూరి వేళ?

కాలమొక్కటియే యైనను దానిని కొలుచు లెక్కలు పెక్కు. మన పెద్దల లెక్కలో దినము సూర్యోదయముతో నారంభమగును. గోడ గడియారమునకు నడురేయి పండ్రెండు గంటలకు దినము మాఱును. వెబ్ పుటలను నడపు సర్వరు యంత్రములో తఱచుగా గ్రీనిచ్ వేళను బట్టి నడచును గనుక, మనకు తెల్లవాఱుజామున అయిదున్నర గంటలైనప్పుడు గాని వానికి క్రొత్త తేదీ పుట్టదు. ఈ మూడు లెక్కలును ఒక్క యింట కలిసినప్పుడు గలుగు చిక్కులను గూర్చి మా యనుభవమున దెలిసినంత సోదరీమణులకు విన్నవింపదలచితిమి. ఇది యంత్రములవారి ముచ్చటయని పుట త్రిప్పివేయకుడు. బిడ్డ పుట్టిన తేదీ, పండుగ దినము, పెద్దల తిథి — ఇవన్నియు నేడు యంత్రముల చేతిలో బడియున్నవి.

మేము అనంతపురపు మెట్టనేలలోని నల్లమాడలో కాపురముండి, ఇంటిపని తీరిన పిమ్మట సర్వరులపై నడచు స్క్రిప్టులను వ్రాయుచుందుము. 2022 ఏప్రిల్ 4 నుండి మా యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో జేరినది. వానకై మొగము వాచిన నేల మాత్రము మాఱలేదు. ఇచ్చట పొలము పనికి పోవు స్త్రీలు నేటికిని పొద్దును జూచియే వేళ చెప్పుదురు. వారి లెక్క తప్పు గాదు. మన దేశపు వేళను నిర్ణయించు మధ్యాహ్నరేఖ కాకినాడ చేరువగా, 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశమున పోవుచున్నది. మా యూరు సుమారు 78 డిగ్రీల చోట నున్నది. డిగ్రీకి 4 నిమిషముల వంతున, మాకు పొద్దు నడినెత్తికి వచ్చుట సగటున 18 నిమిషము లాలస్యము.

ఈ ప్రామాణిక కాలము 1906 జనవరి 1న ఏర్పడినది. అంతకు మునుపు దక్షిణాదిని రైళ్లు మద్రాసు నక్షత్రశాల వేళను బట్టి నడచెడివి. అది గ్రీనిచ్ వేళకు 5 గంటల 21 నిమిషములు ముందు. కలకత్తా తన వేళను 1948 వఱకును, బొంబాయి 1955 వఱకును విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వఱకు, దేశమంతట గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. ఆ యేండ్లలో పుట్టిన అవ్వల జాతకమును లెక్కించువారు ఈ గంటను మఱచినచో లగ్నమే మాఱిపోవచ్చును.

ఇక యంత్రము సంగతి. సర్వరులలో బహుళముగా వాడుకలో నున్న లెక్క యొకటి కలదు: 1970 జనవరి 1 నాటి గ్రీనిచ్ నడురేయి మొదలు గడచిన సెకనులను కూడుకొనుచు బోవుట. ‘ఏషియా/కోల్‌కతా’ అని ప్రాంతపు పేరు చెప్పినచో, ఆ లెక్కకు అయిదున్నర గంటలు, అనగా మన పదుమూడు ముప్పాతిక గడియలు, కలిపి మన వేళను జూపును. పేరు చెప్పనిచో పి.హెచ్.పి. వంటి భాషలు గ్రీనిచ్ వేళనే చెప్పును.

దీనివలన మా పొరుగింటి బాలికకు గలిగిన కష్టము చెప్పెదము. ఆ పిల్ల ఒక విద్యావేతనమునకు దరఖాస్తు పెట్టెను. జనన పత్రములో జూన్ 12 అని యున్నది. అచ్చు పడి వచ్చిన కాగితములో జూన్ 11 అని యున్నది. తేదీలు కలియలేదని దరఖాస్తును త్రోసివేసిరి. తల్లి వేరుసెనగకాయలు కోయు కూలి మానుకొని నాలుగు దినములు తిరిగినది. “మా పాప పుట్టిన దినము నాకు తెలియదా అమ్మా?” అని మా గడపలో కూర్చుండి కంట నీరు పెట్టినది. మేము కాగితమును జూచినంతనే గుట్టు తెలిసినది. యంత్రము ఆ తేదీకి నడురేయి పండ్రెండు గంటల వేళను దానంతట దాను చేర్చి, గ్రీనిచ్ వేళకు మార్చినది. అది ముందునాటి సాయంకాలము ఆఱున్నర యైనది. పిమ్మట గంటలను దీసివేసి తేదీని మాత్రము అచ్చొత్తినది. ఈ సంగతి వివరముగా వ్రాసి పంపితిమి. గడువునకు రెండు దినములు ముందు తేదీ సరిపడినది.

అన్ని భేదములును తప్పులు గావు. 2025లో మనకు ఉగాది మార్చి 30, ఆదివారము. డల్లాసున నున్న మా తమ్ముడు 29వ తేదీ శనివారమే పచ్చడి తిని ఫోను చేసెను. మా అమ్మ నొచ్చుకొని, “అమావాస్య నాడు ఉగాది యేందే?” అని మమ్ము నడిగెను. అమావాస్య మనకు శనివారము సాయంకాలము 4 గంటల 27 నిమిషములకు ముగిసినది. ఆ క్షణమున డల్లాసులో నదే శనివారము ఉదయము 5 గంటల 57 నిమిషములు. ఇంకను ప్రొద్దు పొడువలేదు. కావున వారికి సూర్యోదయమున పాడ్యమి యుండెను. మనకో, ఆ పాడ్యమి మఱునాటి సూర్యోదయమున గాని కానరాలేదు. విని అమ్మ తేఱుకొని, “మఱి మీ నాయన తిథి?” అనెను. ఉన్న యూరి సూర్యుని బట్టియే చూడవలెనని మా పురోహితులు చెప్పిరి. అప్పుడు గాని ఆమె మనసు కుదుట పడలేదు.

ఆ దేశమున మఱియొక చిక్కు గలదు. 2007 నుండి మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వఱకు గడియారమును ఒక గంట ముందునకు జరుపుచున్నారు. మనకును డల్లాసునకును వేసవిలో పదిన్నర గంటలు, చలికాలమున పదకొండున్నర గంటలు భేదము. కావున స్క్రిప్టులో గంటలను చేతితో కలుపరాదు. ప్రాంతము పేరు వ్రాసి లెక్క యంత్రమునకు విడువవలెను.

మేము పాటించు నియమములు మూడు. జరిగిపోయిన పనిని గ్రీనిచ్ వేళలో దాచవలెను. పుట్టిన తేదీని గంట చేర్చక తేదీగానే దాచవలెను. రాబోవు ముహూర్తమునకు వేళతోబాటు ఊరి పేరును వ్రాయవలెను. మా యింటి యాడపిల్లలకు మొదట నేర్పినదియు నిదే. యంత్రమున కన్ని యూళ్లును సమానమే. ఏ యూరి వేళయో చెప్పవలసినది మనము. బిడ్డల కాగితములపై తేదీని ఒకసారి కన్నులార చూచుకొనుట, బియ్యములో రాళ్లేఱుటవలె, ప్రతి యింట జరుగవలసిన పనియని మా మనవి.