ఇంజను మారితే గేము ఆత్మ మారిపోతుందా?

విచర్ 4 అన్‌రియల్ ఇంజిన్ 5 మీద వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ మా ఫ్రెండొకడిది ఒకటే గోల. "సొంత రెడ్ ఇంజిన్ వదిలేశాక అదింకేం విచర్ రా?" అంటాడు. వాడికి ఒక్కటే గుర్తు చేశాను. 2007లో వచ్చిన మొదటి విచర్ బయోవేర్ వాళ్ళ అరోరా ఇంజను తెచ్చుకుని, దాన్ని మార్చుకుని కట్టిందే. సొంత ఇంజను 2011లో రెండో భాగంతో గానీ రాలేదు. వాడు కాసేపు నోరెత్తలేదు :)

నేనూ వీరాభిమానినే లెండి. బీటెక్ రోజుల్లో రూమ్మేట్ సిస్టంలో సెట్టింగులన్నీ 'లో'లో పెట్టుకుని విచర్ 3 ఆడినవాణ్ణి. చెట్లు సరిగ్గా కనబడకపోయినా బ్లడీ బారన్ కథ మాత్రం వారం రోజులు వదల్లేదు.

అసలు విషయానికొస్తే, సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఈ మార్పు ప్రకటించింది 2022 మార్చిలో. అంతకుముందు సైబర్‌పంక్ 2077 కథ తెలిసిందే కదా. 2020 డిసెంబరులో విడుదలైతే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోరులోంచి తీసేసింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. అందరూ ఇంజన్నే తిట్టారు. కానీ అదే ఇంజను మీద 2023లో ఫాంటమ్ లిబర్టీ వచ్చి శభాష్ అనిపించుకుంది! ఇంజను అదే, ఈసారి దొరికిన టైమే వేరు.

మరలాంటప్పుడు మార్చడం దేనికి? దీనికి జవాబు నాకు మా ఆఫీసులో దొరికింది. మాకూ ఒక సొంత ఫ్రేమ్‌వర్క్ ఉండేది. దాని డాక్యుమెంటేషన్ అంతా ఒక సీనియర్ గారి బుర్రలో ఉండేది. ఆయన పేపర్లు పెట్టిన రోజు మాకు చుక్కలు కనబడ్డాయి. కొత్తగా చేరినవాళ్ళకి ఆర్నెల్లు నేర్పితే గానీ ఒక చిన్న బగ్ ముట్టుకోలేరు. బయట దొరికే ఫ్రేమ్‌వర్క్‌కి మారదామంటే మీటింగులో గట్టిగా అడ్డుపడింది ఎవరో తెలుసా? నేనే! పెర్ఫార్మెన్స్ అనీ, సెక్యూరిటీ అనీ ఏవేవో కారణాలు చెప్పాను. నిజం ఇప్పుడు చెబుతున్నా.. నాలుగేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఒక్కరోజులో చెల్లని నోటైపోతుందన్న భయం, అంతే.

అలాగని అన్‌రియల్ మంత్రదండమేం కాదు. పీసీలో ఆ ఇంజను గేములు చాలావాటికి ఉన్న జబ్బు తెలిసిందే. కొత్త ఎఫెక్టు తెరమీదకి రాగానే దాని షేడర్ అప్పటికప్పుడు కంపైలవుతుంది, బొమ్మ ఒక్క క్షణం తడబడుతుంది. 2025 జూన్‌లో మామూలు పీఎస్5 మీద సెకనుకి 60 ఫ్రేములతో చూపించింది టెక్ డెమో మాత్రమే, గేము కాదు. దాన్ని చూసి ఆకాశానికెత్తేయడమూ తొందరే, ఇంజను పేరు విని శాపనార్థాలు పెట్టడమూ తొందరే.

మా ఫ్రేమ్‌వర్క్ మారింది. నా ఉద్యోగం పోలేదు. యూజర్లకి తేడా కూడా తెలీలేదు, వాళ్ళకి కావలసింది పని జరగడమే కదా.

సిరి కథలోనూ నాక్కావలసింది బారన్ లాంటి మనుషులే. వాళ్ళని ఏ ఇంజనూ తయారుచేసి ఇవ్వదు, రాసేవాళ్ళకి టైమివ్వాలి. అందుకే రిలీజ్ డేట్ ఎప్పుడని అడగడం మానేశాను. ఆ ప్రశ్న మా మేనేజరు నన్నడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు మరి!